వెండెల్ బండి బానెట్ కింద

వెండెల్ హాస్కెట్ ఇండియానా మనిషి కాదు. కెంటకీ కొండల్లో పుట్టాడు. బొగ్గు గని మూతపడ్డాక వాళ్ల నాన్న పెళ్లాం బిడ్డల్నీ పరుపుల్నీ ఒకే ట్రక్కులో వేసుకుని ఉత్తరానికి వచ్చి, బ్రైస్‌విల్‌లో గేరుపెట్టెలు తయారు చేసే కర్మాగారంలో పనికి కుదిరాడు. అప్పటికి వెండెల్ ఇంకా బడికి పోయే వయసువాడు. వాడి యాస విని పిల్లలు "కొండోడా" అని పిలిచారు. ఆ పేరు అలాగే అంటుకుపోయింది. డెబ్బై దాటినా, తలలో నల్లవెంట్రుక లేకపోయినా, బ్రైస్‌విల్‌కి అతను ఇంకా కొండోడే.

అతనూ అదే కర్మాగారంలో జీవితమంతా పనిచేసి రిటైరయ్యాడు. తాగుడు లేదు, చేపలు పట్టే సరదా లేదు. ఉన్నదల్లా ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, ఇద్దరు మాత్రమే పట్టే సీట్లు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, ఫైబర్ ఒళ్లు. అతని యవ్వనంలో ఊళ్లో డబ్బున్న దంతవైద్యుడి దగ్గర అలాంటిది ఉండేది. అది వీధిలోంచి పోతుంటే వెండెల్ సైకిలు ఆపి చూసేవాడు. యాభై ఏళ్లు వచ్చాక ఒక రైతు కొట్టంలో, మొక్కజొన్న బస్తాల వెనక, ఎలుకలు గూళ్లు పెట్టిన అలాంటి బండే దొరికింది. ఇంజను ముక్కలు ముక్కలుగా విప్పి, మళ్లీ కూర్చి, ఏళ్ల తరబడి శనాదివారాలన్నీ దానికే పోశాడు. భార్య నాడీన్ "నాకు సవతిని తెచ్చావు, అదీ ముసలిదాన్ని" అనేది. అంటూనే కొత్త సీట్లకు తోలు తనే కుట్టింది.

బుధవారం పొద్దున్నే పాత బండ్లవాళ్లంతా హైవే పక్కన డోనట్ల కొట్టు ముందు చేరేవారు. బండ్లు వరసగా నిలబెట్టి, బానెట్లు ఎత్తి, ఒకరి ఇంజను ఒకరు చూసి వంకలు పెట్టుకుని, తరవాత లోపలికి పోయి కాఫీ తాగేవారు. ఆ గుంపుకు పెద్ద తలకాయ డ్వైట్ ప్రూయిట్. టైర్ల షాపు నడిపి కొడుక్కి అప్పగించినవాడు, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అతని పక్కన ఎప్పుడూ లైల్ స్టాంబా ఉండేవాడు. డ్వైట్ నవ్వితే నవ్వడం లైల్ పని.

"ఏరా కొండోడా, నీ ఎర్రదాన్ని నాకెప్పుడు అమ్ముతావు?" అని డ్వైట్ ప్రతి బుధవారం అడిగేవాడు.

"నేను పోయాక నాడీన్‌ని అడుగు."

"అప్పటిదాకా నేనుండొద్దూ!"

అందరూ నవ్వేవారు. వెండెల్ కూడా.

ఏప్రిల్లో ఒక బుధవారం కాఫీ తాగి బయటికి వచ్చి తాళం తిప్పితే బండి దగ్గింది. కార్బొరేటర్‌లోంచి ఢబ్ ఢబ్‌మని పేలుస్తూ, ఒళ్లంతా కంపిస్తూ, మిస్సింగ్ కొట్టుకుంటూ ఇంటికి చేరింది. గరాజులో బానెట్ ఎత్తి వరసగా చూసుకుంటూ వచ్చాడు. పెట్రోలు వస్తోంది. ప్లగ్గుల్లో నిప్పు ఉంది. ఒక్కో వైరూ పట్టుకుని, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నుంచి ప్లగ్గుదాకా వేలితో వెళ్లాడు. అయిదోదీ ఏడోదీ తారుమారై ఉన్నాయి. ఈ ఇంజనులో బేసి అంకెల సిలిండర్లన్నీ ఒకే వరసలో పక్కపక్కనే ఉండటంతో ఒకటి పేలాల్సిన చోట ఇంకోటి పేలుతోంది.

వెండెల్ నిలబడిపోయాడు. ఆ వైర్లు కిందటి వారమే తను కొత్తవి వేశాడు. వేసిన తరవాత బండి బాగానే నడిచిందే! నడిచిందా? నడిచిందనే గుర్తు. వైర్లు సరిచేశాడు. బండి పిల్లిలా గురగురలాడింది. నాడీన్‌తో చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. అతని అన్న వెర్నన్ ఊరి చివర వృద్ధుల ఆసుపత్రిలో ఉన్నాడు. అదే కర్మాగారంలో ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. ఆయన జబ్బు ఇలాంటి చిన్న చిన్న వాటితోనే మొదలైంది. ఒక బోల్టు బిగించడం మర్చిపోవడం, కోసిన గడ్డినే మళ్లీ కోయడం. ఇప్పుడాయన సొంత పెళ్లాం ఫొటో చూసి "ఈవిడెవరు?" అంటాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెండెల్ వెళ్లి గడ్డం గీసి, మీగడతో చేసిన తీపి 'పై' తెచ్చి, ముక్కలు చేసి తినిపించి వచ్చేవాడు.

మే నెలలో బండి ఇంకో రకంగా తిక్క చేసింది. యాక్సిలరేటర్ ముట్టకుండానే ఇంజను రేస్ అయిపోతోంది, దిగుతోంది, మళ్లీ ఎగురుతోంది. ఎక్కడో గాలి పీలుస్తోందని వెండెల్‌కి శబ్దంతోనే తెలిసింది. కార్బొరేటర్ చుట్టూ క్లీనర్ చిమ్ముకుంటూ పోయాడు. వెనకవైపు చిమ్మగానే ఇంజను గొంతు మారింది. అక్కడ గొట్టం మూతికి ఉండాల్సిన చిన్న రబ్బరు మూత లేదు. అది దేవులాడి దేవులాడి విసిగి సీట్లో కూలబడితే, సీట్ల మధ్య ఉన్న బూడిద గిన్నెలో కనబడింది. అతను సిగరెట్ తాగడు. ఆ గిన్నెలో చిల్లర వేస్తాడు. రబ్బరు మూతను చిల్లర మీద ఎవరో జాగ్రత్తగా పెట్టినట్టుంది. ఎవరో అంటే ఎవరు? బండి తాకేది తనొక్కడే.

ఆ రోజునుంచి వెండెల్ తనను తాను కాపలా కాయడం మొదలుపెట్టాడు. బోల్టు బిగించాక "బిగించాను" అని, డోనట్ల కొట్టు ముందైనా సరే, పైకి అనుకునేవాడు. వీధి తలుపు వేసి మళ్లీ వచ్చి చూసుకునేవాడు. బుధవారం కాఫీ దగ్గర మాటల మధ్యలో ఎవరి పేరైనా చటుక్కున తట్టకపోతే చెమటలు పట్టేవి.

"ఏంట్రా, ఈమధ్య దిగులుగా ఉన్నావు?" అని డ్వైట్ అడిగాడు.

వెండెల్ కప్పు పక్కకు జరిపి, "బండి మీద పని చేస్తున్నానా... చేసింది గుర్తుండట్లేదురా. మా అన్నకి కూడా ఇలాగే..." అన్నాడు.

లైల్ గబుక్కున కిటికీవైపు తిరిగాడు. డ్వైట్ మాత్రం వెండెల్ భుజం మీద చెయ్యేసి, "వయసురా. ఎవరికైనా తప్పదు" అన్నాడు, ఎంతో మెత్తగా.

జూన్‌లో నాడీన్‌ని ఎక్కించుకుని, డోనట్ల కొట్టు దగ్గర బుధవారం కాఫీ తాగి, అక్కణ్ణుంచి ఆవిడ చెల్లెలింటికి బయల్దేరాడు. ఊరు దాటేసరికి ఇంజను బరువుగా లాగుతోంది. రైలు పట్టాలు ఎక్కేచోట ఒక్కసారి పెద్దగా పేలి, పట్టాల మీద ఆగిపోయింది. తాళం తిప్పితే తిరుగుతోంది, అంటుకోవట్లేదు. దూరంగా ధాన్యం గిడ్డంగుల దగ్గర రైలు కూత వేసింది. గంట మోగుతూ కర్ర గేట్లు దిగడం మొదలైంది.

"దిగు నాడీన్! దిగి పరిగెత్తు!"

మోకాళ్లకు ఆపరేషనైన మనిషి నాడీన్. అంత కిందకి ఉండే సీట్లోంచి లేవలేక తలుపు పట్టుకుని వేలాడింది. వెనక ధాన్యం లారీ నడిపే కుర్రాడు దూకి వచ్చి ఆవిణ్ణి రెక్క పట్టి బయటికి లాగి, తరవాత వెండెల్‌తో కలిసి బండిని నెట్టాడు. గేటు కర్ర వెనక అద్దాన్ని గీరింది. బండి అవతలికి దిగిన కాసేపటికే రైలు వెళ్లింది, పెట్టె తరవాత పెట్టె. నాడీన్ గడ్డిలో కూర్చుని ఉంది. ఒక చెప్పు లేదు.

బండిని లాక్కొచ్చి గరాజులో పెట్టించాక వెండెల్ చూశాడు. డిస్ట్రిబ్యూటర్ చేత్తో పడితే జాడీ మూతలా తిరిగింది. దాన్ని కదలకుండా పట్టి ఉంచే బోల్టు వేళ్లతో తిప్పేంత వదులుగా ఉంది. బండి నడిచే కొద్దీ అది కొంచెం కొంచెం తిరిగిపోయి టైమింగ్ చెడి ప్రాణం పోయింది. ఆ బోల్టు బిగించింది తనే. "బిగించాను" అని పైకి అన్నట్టు కూడా గుర్తుంది.

నాడీన్ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఏమైంది?"

"బోల్టు... నేను బిగించలేదు."

"ఇది మొదటిసారేనా?"

అతను బోల్టును వేళ్లతో తిప్పుతూనే ఉన్నాడు.

"ఎన్నిసార్లు వెండెల్?"

చెప్పాడు. వైర్లు, రబ్బరు మూత, అన్నీ. నాడీన్ అంతా వింది. "మీ అన్నలాగే అయిపోతున్నావు," అంది. "మీ అన్న పెళ్లాం పడిన పాట్లు నేను చూశాను. నావల్ల కాదు. ఇప్పుడే చెబుతున్నాను, నావల్ల కాదు." అని లోపలికి పోయి తలుపేసుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ రోజు భయపడింది, అంతే. కానీ అన్న మాట అన్నట్టే ఉండిపోయింది.

డాక్టరమ్మ దగ్గర కాగితం మీద గడియారం బొమ్మ గీయమన్నారు. పదకొండూ పది చూపించమన్నారు. ఇది తప్పితే తన గతి ఏమిటో తెలిసిన మనిషి, కాగితం కన్నా డాక్టరమ్మ మొహంకేసే ఎక్కువ చూశాడు. ముల్లు తప్పు చోట పెట్టాడు. చెప్పిన మాటలు తిరిగి చెప్పమంటే సగం నోట్లోనే ఉండిపోయాయి. "ఇప్పుడే ఏదీ తేల్చి చెప్పలేమండీ," అందామె. "ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం. ఈలోగా బండి నడపకపోతే మంచిది."

నాడీన్ డ్వైట్‌కి ఫోన్ చేసింది. నా మాట వినడు, నువ్వైతే స్నేహితుడివి, నచ్చజెప్పు అంది. డ్వైట్ మర్నాడే వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని, చావింటికి వచ్చినవాడిలా.

"ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తీసుకుపోయి పాడుచేస్తే నువ్వు తట్టుకోలేవురా. నా దగ్గరుంటే నీ కళ్లముందే ఉంటుంది."

వెండెల్ అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టి తాళాలు ఇచ్చాడు. ఆ సాయంత్రం పానాలన్నీ తుడిచి పెట్టెలో సర్ది, పెట్టె కూడా గరాజులోంచి తీసేశాడు.

ఆదివారాలు వెర్నన్ దగ్గరికి వెళ్లడం కూడా మానేశాడు. బండి లేకనా అంటే కాదు, నాడీన్ దింపుతానంది. వెళ్లలేకపోయాడు. అన్న చొంగ కారుస్తూ గోడకేసి చూస్తుంటే, రేపటి తన మొహం అద్దంలో చూస్తున్నట్టుండేది. వచ్చేవారం వెళ్తాననేవాడు. మొక్కజొన్న చేలు ఎత్తుగా పెరిగిన ఆగస్టులో వెర్నన్ పోయాడు. సామాను తెచ్చుకోవడానికి వెళ్తే నర్సు అడక్కుండానే చెప్పింది. "పేర్లేవీ తెలిసేవి కాదండీ పాపం. కానీ ఆదివారం వస్తే చాలు, కుర్చీ ఈడ్చుకుని గుమ్మం దగ్గర కూర్చునేవాడు. లేపితే కొట్టడానికి వచ్చేవాడు. గడ్డం ఎవర్నీ గీయనిచ్చేవాడు కాదు."

అక్టోబరులో పాత సైనికుల హాల్లో బండ్లవాళ్ల విందు జరిగింది. నాడీన్ బలవంతాన తీసుకువెళ్లింది. పళ్లెం దాటి వేలాడేంత వెడల్పు పంది మాంసం ముక్కల వేపుళ్లు, రొట్టెలు, బీరు. తినడం అయ్యాక డ్వైట్ గ్లాసు పట్టుకుని లేచాడు. మొహం ఎర్రబడి ఉంది.

"ఇవాళ ఒక పాపం కడిగేసుకోవాలర్రా. మన కొండోడు క్షమిస్తే!"

చెప్పడం మొదలుపెట్టాడు. లైల్ కబుర్లలో పెడుతుంటే తను వెళ్లి బానెట్ ఎత్తి వైర్లు ఎలా మార్చాడో. ఎండ కళ్లలో పడుతుందని వెండెల్ కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం ఎంత కలిసొచ్చిందో. రబ్బరు మూత బూడిద గిన్నెలో పెట్టాలనేది లైల్ బుర్రలో పుట్టిందట. డ్వైట్ బల్ల మీదకి వంగి, కళ్లు చికిలించి, తనలో తనే "బిగించాను... బిగించాను..." అని గొణుగుతూ వెండెల్‌ని అనుకరించాడు. హాలంతా గొల్లుమంది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

వెండెల్‌కి మొదట కలిగింది కోపం కాదు. ఒళ్లంతా దూదిలా తేలికైపోయింది. నా బుర్ర బాగుంది. నేను బిగించాను. బిగించిన బోల్టే అది! అతను కూడా నవ్వాడు. కడుపారా, నీళ్లొచ్చేలా నవ్వాడు. దాంతో మిగతావాళ్లకు ఇంకా ధైర్యమొచ్చింది.

నవ్వాగాక అడిగాడు. "రైలు పట్టాల దగ్గర కూడా నువ్వేనా?"

"బోల్టు నేనే విప్పాను. అక్కడికెళ్లి ఆగుతుందని నాకేం తెలుసురా? ఊళ్లోనే ఆగుతుందనుకున్నా." డ్వైట్ నవ్వు కొంచెం తగ్గింది. "తరవాత చెబుదామనే అనుకున్నాం. డాక్టరూ అదీ అనేసరికి నోరు రాలేదు."

"సరే. బండి తిరిగి ఇచ్చెయ్."

"అదేంట్రా! కాగితాలు రాసిచ్చాక అడుగుతారా ఎవరైనా? పైగా దాని మీద నేను ఎంత పెట్టానో తెలుసా?" అని డ్వైట్ అందరివైపూ చూశాడు. "కావాలంటే ఒక ఆదివారం ఎక్కించి తిప్పుతాలే కొండోడా. పక్క సీట్లో!"

మళ్లీ నవ్వులు. నాడీన్ లేచి, డ్వైట్ పళ్లెంలో ఉన్న తీపి 'పై' ముక్కను పళ్లెంతో సహా తీసి చెత్తబుట్టలో వేసి, వెండెల్ చెయ్యి పట్టుకుంది.

ఇంటికి వస్తుంటే ఆవిడే బండి నడిపింది. ఏడుస్తూ, తిడుతూ నడిపింది. ఆ రోజు తనన్న మాటకు క్షమించమంది. వెండెల్ వినట్లేదు. వెర్నన్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న ఆదివారాలు ఒక్కొక్కటీ లెక్కకొస్తున్నాయి. ఆ రోజుల్లో తనకు ఏ జబ్బూ లేదు. హాయిగా వెళ్లి ఉండొచ్చు.

చలికాలమంతా అతను ఇల్లు కదల్లేదు. చర్చిలో పాస్టరు ఒకసారి పిలిచి, క్షమిస్తే మనసు తేలికపడుతుందన్నాడు. "చూద్దాం" అన్నాడు వెండెల్. మళ్లీ డాక్టరమ్మ దగ్గర గడియారం గీశాడు. ఈసారి అచ్చు కంపెనీ గడియారంలా వచ్చింది.

మంచు కరిగాక ఒక రోజు వాకిట్లో పరిచయమైన శబ్దం వినిపించింది. డ్వైట్ ఎర్ర బండిలో వచ్చాడు. విందు తరవాత అతను ఇటు రావడం ఇదే మొదలు.

"ఇంకా కోపంగానే ఉన్నావా? ఒకసారి చూడరా. లోపల పెట్రోలు వాసన కొడుతోంది. మా ఆవిడ తలనొప్పని ఎక్కనంటోంది. దీని సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

వెండెల్ బానెట్ ఎత్తాడు. వెతకాల్సిన పని లేకపోయింది. కింద పంపు దగ్గర్నుంచి పైకొచ్చే పెట్రోలు గొట్టం రబ్బరు ముక్క మీద సన్నటి బీటలు కనిపించాయి. ఇప్పటి పెట్రోలులో కలిపే మొక్కజొన్న సారాని, అంటే ఇథనాల్‌ని, పాత రబ్బరు తట్టుకోదు. తన దగ్గరున్నన్నాళ్లూ ఏటా మార్చేవాడు. ఒక బీట దగ్గర చెమ్మ చేరి, బొట్టై, కింద ఎగ్జాస్ట్ గొట్టం మీదకి జారడానికి సిద్ధంగా ఉంది. ఆ గొట్టం ఇంజను నడుస్తుంటే కాలిన పెనంలా ఉంటుంది.

గరాజు గోడకి మేకుకి కొత్త రబ్బరు గొట్టం చుట్టగా వేలాడుతోంది. కోసి వేయడం చిటికెలో పని.

డ్వైట్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. "కొండోడింట్లో ఉన్నా. ఆఁ, చూస్తున్నాడు. బోల్టులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటున్నాడు!"

వెండెల్ జేబులోంచి గుడ్డ తీసి ఆ గొట్టాన్ని పైనుంచి కిందిదాకా శుభ్రంగా తుడిచాడు. చెమ్మ కనబడకుండా పోయింది. బానెట్ దించి, రెండు చేతులతో నొక్కి మూశాడు.

"పాత కార్బొరేటర్ బండిరా. ఆ మాత్రం వాసన ఉంటుంది. కిటికీ దించుకుని నడుపు."

"అంతేనా! బతికించావు." డ్వైట్ భుజం తట్టి, పోతూ పోతూ హారన్ కొట్టాడు.

వెండెల్ లోపలికి వెళ్లి నాడీన్ పెట్టిన టమాటా సూపు తాగాడు. ఫోన్ బల్ల మీదే, చెయ్యి చాచితే అందే దూరంలోనే ఉంది. రెండో గిన్నె సూపు కూడా తాగాడు.

ఆ వారం దాటలేదు. సోయా చేల మధ్య రోడ్డు మీద బానెట్ సందుల్లోంచి పొగ రావడం చూసి డ్వైట్ బండి ఆపాడు. దిగి దూరంగా పోయుంటే సరిపోయేది. ఆర్పుదామని వట్టి చేతులతో బానెట్ ఎత్తాడు. గాలి తగలగానే మంట ఒక్కసారిగా లేచింది. ఫైబర్ ఒళ్లు కాగితంలా కాలింది. ఫైరింజను వచ్చేసరికి మిగిలింది ఇనప చట్రం, ఇంజను దిమ్మ.

వెండెల్ మొదట వెళ్లింది తుక్కు స్థలానికి. మాడిన ఇంజను దిమ్మ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఏడిచాడు కూడా. ఆసుపత్రిలో ఏడవలేదు. అక్కడ డ్వైట్ రెండు చేతులూ మోచేతులదాకా కట్లతో, పసివాడిలా వెక్కిళ్లు పెడుతున్నాడు.

"నీ బండిని కాల్చేశాన్రా కొండోడా. నీకు చేసినదానికి దేవుడు నన్ను కాల్చాడు."

"పాత బండ్లురా. ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది," అన్నాడు వెండెల్.

ఇంట్లో నాడీన్ గిన్నెలు కడుగుతూ, అటు తిరిగే అడిగింది. "ఆ రోజు నువ్వు చూశావుగా. ఏమీ కనబడలేదా?"

"లేదు."

"నీ జేబులో గుడ్డ పెట్రోలు కంపు కొడుతుంటే రెండుసార్లు ఉతికాను."

వెండెల్ పేపర్ తిప్పాడు. ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, మేడ మీదకి వెళ్లిపోయింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రాత్రి నుంచి పడక మాత్రం పై గదికి మార్చుకుంది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా మెట్లెక్కే వెళ్లేది.

వేసవి చివర వెండెల్ మళ్లీ బుధవారం కాఫీకి వెళ్లడం మొదలుపెట్టాడు. గుంపంతా లేచి చోటిచ్చారు. క్షమించాడు, మంచి మనసు అని వెనక చెప్పుకున్నారు. డ్వైట్ చేతులకు తొడచర్మం తీసి అతికించారు. వేళ్లు ముడుచుకుపోయి, గుప్పిలి సగమే తెరుచుకుంటుంది. చక్కెర పొట్లం చింపలేడు, కాఫీ కప్పు మూత తీయలేడు. ఏదీ చేత్తో నిలబెట్టి పట్టుకోలేక గడ్డం కింద బట్ట కట్టుకుని తింటాడు. నవ్వు కూడా చిన్నదైంది.

అతను పొట్లాన్ని బల్ల మీద వెండెల్ వైపు తోస్తాడు. వెండెల్ చింపి, కప్పులో పోసి, కలుపుతాడు.

"చాలా?"

"ఇంకోటి వెయ్యరా."

వెండెల్ ఇంకోటి చింపుతాడు.